మా నాయనమ్మ పాతిపెట్టిన గుండిగ

ప్రశ్న: సముద్రం ఒడ్డున వ్యవసాయం చేసుకునే చిన్న ఊళ్లకు రెండో ప్రపంచ యుద్ధంతో ఏమైనా సంబంధం ఉందా? మీ ఊళ్లో ఆ కాలం గుర్తులు ఏమైనా మిగిలాయా?

ఉంది. గుర్తు కూడా ఉంది. కాకపోతే అది ఎక్కడుందో మా వంశంలో ఎవరికీ తెలియదు.

మా ఊరు భీమిలికి ఉత్తరాన, గోస్తని దాటి కొంత దూరం పోయాక వస్తుంది. ఇంటి అరుగు మీద కూర్చుంటే సముద్రం హోరు వినిపిస్తుంది. కానీ మాది చేపల ఊరు కాదు, జాలరిపేట వేరే ఉంది. మావి వేరుశనగ, గోగు, చోళ్లు, గంటెలు, చెరువు కింద కాస్త వరి. సముద్రంతో మాకున్న పనల్లా మాఘ పున్నమి నాడు స్నానం చేసి రావడమే. అలాంటి ఊరికి ప్రపంచ యుద్ధంతో పనేమిటి అంటారు చాలామంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం రేవు మీద, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి, జనం భయపడి పారిపోయారు, తర్వాత ఏమీ కాలేదు కాబట్టి తిరిగొచ్చారు. ఇంతే చెప్పి ఊరుకుంటారు. ఆ "భయపడి పారిపోయారు" అనే మాట దగ్గర కొంచెం నవ్వుతారు కూడా. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఎందుకు నవ్వాలో ఎవరైనా చెప్పండి. ఆ వారంలో బంగాళాఖాతంలో ఏం జరిగిందో తెలుసా? ఓజావా అనే జపాన్ నౌకాధిపతి చిన్న నౌకాదళాన్ని వెంటబెట్టుకుని మన తీరం వెంబడి తిరిగాడు. రెండు మూడు రోజుల్లో ఇరవైకి పైగా సరుకు ఓడలను ముంచాడు. విశాఖ మీదికి వచ్చిన విమానాలు అతని దళంలోని ర్యూజో అనే ఓడ మీంచి లేచినవే. అడ్డుకునే బలం తెల్లవాళ్ల దగ్గర ఆ రోజున లేదు. సింగపూర్ ఫిబ్రవరిలో పోయింది, రంగూన్ మార్చి 8న పోయింది. తర్వాత మనమేనని అందరూ అనుకున్నారు. మద్రాసు ప్రభుత్వమే ఆఫీసులు సర్దుకుని లోపలి ఊళ్లకు పోయింది. బాంబులు పడితే బోనుల్లోంచి తప్పించుకుంటాయేమోనని మద్రాసు జూలో సింహాలనూ పులులనూ కాల్చి చంపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరు చేరింది. పెద్ద చదువులు చదివినవాళ్లు, తుపాకులున్నవాళ్లు అంత దూరం పోతే అది ముందుజాగ్రత్త అట. మా నాయనమ్మ మూడేళ్ల పిల్లాణ్ని చంకనేసుకుని ఎడ్లబండి ఎక్కితే అది భయమట!

(నేను చదివిన చరిత్ర పుస్తకంలో పెర్ల్ హార్బర్‌కి ఒక పేరా ఉంది. విశాఖకీ కాకినాడకీ ఒక్క వాక్యం లేదు. ఇది వేరే గొడవ, ఇప్పుడొద్దు.)

ఆ మూడేళ్ల పిల్లాడు మా నాన్న. నాయనమ్మ కన్నవారి ఊరు గజపతినగరం అవతల. బండి మీద మధ్యలో రెండు రాత్రులు ఆగాలి. బయల్దేరే ముందు అత్తాకోడళ్లిద్దరూ కలిసి ఇంట్లో ఉన్న విలువైన సామానంతా రెండు ఇత్తడి గుండిగల్లో సర్దారు. కంచు గిన్నెలు, మరచెంబు, వెండి కడియాలు, మా ముత్తవ్వ మెడలోని కంటె. ఒక గుండిగను పెరట్లో కుడితి గోలెం కింద పాతారు. రెండోదాన్ని ఊరికి తూర్పున ఇసుక దిబ్బ మీద, మా చేను గట్టు దగ్గర మొదలై సముద్రం వైపు వరుసగా ఉండే ఏడు తాటిచెట్లలో ఒకదాని మొదట్లో పాతారు. రాత్రిపూట, దీపం లేకుండా.

ఊళ్లో సగం మంది వెళ్లిపోయారు. మా తాత తమ్ముడు, అంటే మా చినతాత, పశువులకు నీళ్లు పెట్టడానికి ఉండిపోయాడు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

కన్నవారింట్లో ఉండగానే ఒక సాయంత్రం నాయనమ్మ అన్న వచ్చాడు, రంగం నుంచి. మావైపు రంగూన్‌ని రంగం అనేవారు. అప్పట్లో ఉత్తరాంధ్రలో ప్రతి ఊరి నుంచీ పదిమందైనా రంగంలో ఉండేవారు, రేవుల్లో బస్తాలు మోస్తూ, బియ్యం మిల్లుల్లో పనిచేస్తూ. అక్కడివాళ్లు మనవాళ్లను "కోరంగీలు" అని పిలిచేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద. ఆ డబ్బుతో ఇక్కడ మళ్లు కొన్నారు. మా చెరువు కింద పొలానికి ఇప్పటికీ "రంగం మడి" అనే పేరు. ఆయన ఆరకాన్ కొండల మీదుగా కొంత నడిచి, కొంత పడవెక్కి చిట్టగాంగు చేరి, అక్కడి నుంచి రైళ్లు పట్టుకుని వచ్చాడు. మనిషిని చూసి సొంత తల్లే ఎవరో ముష్టివాడు అనుకుందట. ఆ ఏడాది బర్మా నుంచి లక్షల మంది మనవాళ్లు అలా బయల్దేరారు. వేలమంది దారిలోనే పోయారు, కలరాతో, ఆకలితో.

ఆయన చెప్పిన ఒక్క మాటే నాయనమ్మ జీవితాంతం చెప్పింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద మొదటిసారి బాంబులు పడినప్పుడు జనం విమానాలను చూడ్డానికి వీధుల్లోకి వచ్చి నిలబడ్డారట. "ఇమానం సూడ్డానికి బైటికెల్లినోలే పోనారు. దాక్కున్నోలు బతికినారు." ఇక ఆమెకు ఎవరూ ధైర్యం చెప్పక్కర్లేదు, పిరికిది అనడానికీ లేదు. ఆమెకు అనుభవజ్ఞుడి సలహా దొరికింది.

పదహారు రోజుల తర్వాత తిరిగొచ్చారు. గోలెం కింద గుండిగ దొరికింది. తాటిచెట్టు కింది గుండిగ దొరకలేదు.

నాయనమ్మ గట్టు వైపు నుంచి మూడో చెట్టు అంది. వాళ్ల అత్త సముద్రం వైపు నుంచి మూడో చెట్టు అంది. రెండూ తవ్వారు. మిగతా అయిదూ తవ్వారు. ఎండాకాలం గాలికి ఆ దిబ్బ ఒకచోట ఉండదు. ఈ వారం మోకాలి లోతు ఉన్న ఇసుక వచ్చేవారానికి నడుము లోతు అవుతుంది. ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు దాన్ని ఎందుకు మర్చిపోయారంటే, టెన్షన్. అంతకంటే వేరే కారణం లేదు. కానీ ఇంట్లో పోయిన వస్తువుకు గాలి పోసిన ఇసుక ఎవరికీ కారణంగా ఆనదు, ఒక మనిషి కావాలి. ఊళ్లో ఉండిపోయింది ఎవరు? చినతాత.

నోరు తెరిచి ఎవరూ అనలేదు. అనకపోవడం వల్లే అది పెరిగింది. పక్కపక్క ఇళ్లు, ఒకే నుయ్యి, ఒకే కళ్లం. నాయనమ్మ మాత్రం ఆ రోజు నుంచి మరిదితో మాట్లాడలేదు. కబురు చెప్పాలంటే మధ్యలో పిల్లలం. "మీ చినతాతతో సెప్పు, ఎడ్లు మా సేన్లో పడ్డాయని." ఆయన నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉంటాడు.

యుద్ధంలో మా ఊరికి జరిగిన నష్టం ఇది. ఏ లెక్కల్లోనూ లేదు.

నష్టం అన్నాను కాబట్టి ఇంకొకటి. బాంబుల కంటే రెండేళ్లు ముందే యుద్ధం మా చేలల్లోకి వచ్చింది. 1940 జూన్‌లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పండే వేరుశనగను ఎక్కువగా కొనేది ఫ్రాన్సే, మార్సెయ్ నూనె మిల్లుల కోసం. గిరాకీ ఆగిపోయింది, ధర పడిపోయింది. మా ముత్తాతకు ఫ్రాన్స్ అంటే ఏమిటో తెలియదు. వేరుశనగ బస్తా అడిగే నాథుడు లేడని మాత్రం తెలుసు. బర్మా పోయాక అక్కడి బియ్యం రావడం మానేసింది, అప్పుడేమో తిండిగింజల ధరలు పైకి పోయాయి. అమ్మేది చవక, కొనేది ప్రియం. రైతు చరిత్ర అంతా ఈ ముక్కే అనుకోండి, ఆ నాలుగేళ్లలో మరీను. చోడి అంబలి మీద బతికామనేది నాయనమ్మ. కిరసనాయిలు లేదు. చిల్లర లేదు. రాగి దొరక్క 1943లో ప్రభుత్వం నడిమధ్యన పెద్ద చిల్లు పెట్టి కానీలు ముద్రించింది. చిల్లుకానీ అనేవాళ్లం. చెలామణీ పోయాక వాటిని పిల్లల మొలతాళ్లకు కట్టారు. నా మొలతాడుకూ ఒకటి ఉండేది. గుర్తులు అడిగారుగా, అది ఒక గుర్తు. ఎక్కడ పడేసుకున్నానో.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది రెండో ప్రపంచ యుద్ధం కాదు, 1971. మీరు అడిగినదానికి కొంచెం పక్కదే. కానీ నా కళ్లతో చూసింది ఇదే, పైగా ఇది లేకపోతే పైన చెప్పినదానికి అర్థం లేదు.

నాకు పదేళ్లు. మార్గశిరం, నూర్పుల కాలం. వరి కోసి కుప్పలేసి, రాత్రిళ్లు కళ్లంలో ఎడ్లతో తొక్కించే రోజులు. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ మన విమానాశ్రయాల మీద దాడి చేసిందని మాస్టారి ఇంట్లో రేడియో చెప్పింది. ఆ రాత్రి నేను కళ్లంలో గడ్డి మీద పడుకుని ఉన్నాను. అర్ధరాత్రి వేళ దక్షిణం వైపు నుంచి భూమిలోపల్నుంచి వచ్చినట్టు ఒక ఉరుము విన్నాను. అదే గాజీ. విశాఖ రేవు బయట మునిగిపోయిన పాకిస్తాన్ జలాంతర్గామి. విశాఖలో కిటికీ అద్దాలు పగిలాయి కదా, మాకు ఉరుములా వినిపించడంలో వింతేముంది? మా అన్నయ్య ఒప్పుకోడు. అంతదూరం వినపడదంటాడు, ఆ రాత్రి వాడు ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని నిద్రపోయాడు మరి. గాజీని మన నేవీ ముంచిందా, తన మందుపాతరే పేలి మునిగిందా అని రెండు దేశాలూ ఇప్పటికీ వాదించుకుంటున్నాయి. మా ఇంట్లో అది వినపడిందా లేదా అన్న దగ్గరే ఆగిపోయాం.

మర్నాడు తలారి దండోరా వేశాడు. రాత్రిపూట ఎవరూ దీపం పెట్టకూడదు, చుట్ట కూడా బయట కాల్చకూడదు, కళ్లంలో లాంతర్లు ఆర్పేయాలి. నూర్పు సగంలో ఉంది. తీరా చూస్తే పున్నమి వెళ్లి రెండు రోజులే అయింది. పొద్దుపోయాక చంద్రుడు లేచాడంటే కళ్లంలో గింజ గింజా లెక్కపెట్టుకోవచ్చు. మా తాత తలారిని పట్టుకుని, "ఒరే, ఆ పైనోడికి ఎవడు దండోరా ఏస్తాడ్రా?" అన్నాడు. ఊరంతా నవ్వింది.

నాయనమ్మ నవ్వలేదు.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక నన్ను భుజం తట్టి లేపింది. "సప్పుడు సెయ్యకు. గునపం అట్టుకురా." చేతిలో ఇత్తడి గుండిగ. మీరు అనుకుంటున్నది నిజమే, 1942లో గోలెం కింద దొరికినదే. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చిన వెండి పళ్లెం కూడా అందులో ఉంది, అమ్మకు తెలియకుండా. నేను అడిగాను, ఎవరు వస్తున్నారు నాయనమ్మా అని. "ఎవులైతేటి? సముద్రంలోంచి వస్తారు. ఎనకా అలాగే వచ్చినారు." ఆమెకు జపాన్ అయినా పాకిస్తాన్ అయినా ఒకటే దిక్కు, తూర్పు.

ఈసారి ఇసుక దిబ్బ మీదికి పోలేదు, ఆ మాత్రం బుద్ధి వచ్చింది. కళ్లం పక్కన గడ్డిమేటు వెనక, చింతచెట్ల వరుస దగ్గర చోటు చూపించింది. నేను తవ్వుతున్నాను. గునపం రాయికి తగిలినప్పుడల్లా ఆమె పళ్లు బిగించి "మెల్లిగా" అంటోంది. వెన్నెల ఎంత కాస్తోందంటే మా ఇద్దరి నీడలూ గడ్డిమేటు మీద పెద్దగా కదులుతున్నాయి. గుండిగ గోతిలో దించి మట్టి కప్పుతుండగా వెనక నుంచి దగ్గు వినిపించింది.

చినతాత. కళ్లానికి కాపలా ఉన్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో తెలియదు. గొంగళి కప్పుకుని, ఆరిపోయిన చుట్ట నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. నాయనమ్మ కొంగు సర్దుకుని బిగుసుకుపోయింది. ఆయన కదల్లేదు. కాసేపాగి, నా వైపు చూడకుండా నేరుగా ఆమెతోనే అన్నాడు:

"వొదినా, ఈపాలైనా ఏపక్క నుంచి లెక్కెట్టాలో పిల్లోడికి సెప్పి పాతు."

అన్నాడు, తిరిగి కుప్ప వైపు వెళ్లిపోయాడు.

నాయనమ్మ ఏడ్చిందనో నవ్విందనో రాస్తే మీకు బాగుంటుంది. ఆమె ఆ రెండూ చెయ్యలేదు. నన్ను ఇంటికి పంపించింది. తెల్లారేసరికి ఆ గోతిలో గుండిగ లేదు. ఆయన చూశాడు కాబట్టి రాత్రికి రాత్రే తీసి ఇంకోచోట పాతిందట! అంత అపనమ్మకం. కానీ తిరుగు కబురు మాత్రం నాతో పంపలేదు. పొద్దున్న నూతి దగ్గర నీళ్లు తోడుకుంటూ, గాలిలోకి అన్నట్టుగా, "సుట్ట బైట కాల్చొద్దన్నారు, ఇన్నావా మరిదీ" అంది. ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత మొదటి మాట అదే. ఆ పైన కూడా పెద్దగా మాట్లాడుకున్నది లేదు లెండి. ఎడ్లు చేలో పడితే నేరుగా తిట్టేది, అంతే తేడా.

డిసెంబరు 9న గాజీ మునిగిన సంగతి నేవీ ప్రకటించింది. మాస్టారు రేడియో విని వచ్చి అరుగు మీద చెప్పారు. శత్రువుల జలాంతర్గామి నిజంగానే మన తీరానికి, మన రేవు వాకిట్లోకి వచ్చిందని! ఊళ్లో అందరూ ఒక్కసారి నాయనమ్మ వైపు చూశారు. ఆమె చోళ్లు చెరుగుతోంది. తలెత్తలేదు. కానీ చేట ఎగరేయడంలో గర్వం తెలిసింది నాకు. 1942లో విమానాలు వచ్చాయి, 1971లో జలాంతర్గామి వచ్చింది. రెండుసార్లూ ఆమె సరిగ్గానే పాతింది. నవ్వినవాళ్లే తప్పు. ఈ విషయంలో నాతో వాదన పెట్టుకోవద్దు.

గుర్తులు చూడాలంటే విశాఖ బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంకి వెళ్లండి, 1942లో పడి పేలని జపాన్ బాంబు అక్కడ ఉంది. గాజీకి సంబంధించి "విక్టరీ ఎట్ సీ" అనే స్మారకం కూడా ఆ బీచ్‌లోనే ఉంది. జనం దాని ముందు ఐస్‌క్రీం తింటూ సెల్ఫీలు దిగుతుంటారు, ఎవరికీ ఏమిటని అడగాలనిపించదు. ర్యూజోకైతే గుర్తు కూడా లేదు. మన మీదికి వచ్చిన నాలుగున్నర నెలలకే, ఆగస్టు 24న సోలమన్ దీవుల దగ్గర అమెరికన్లు దాన్ని ముంచేశారు. మా నాయనమ్మ 1942 ఎండాకాలం తర్వాత కూడా మూడేళ్లు ఆ ఓడ వస్తుందని దడుచుకుంటూనే ఉంది. మునిగిందని మా ఊరికి వచ్చి చెప్పేదెవరు?

మా ఊళ్లో మాత్రం చూడ్డానికి ఏమీ లేదు. తాటిచెట్లు ఏడూ పోయాయి. ఆ దిబ్బను చదును చేసి లేఅవుట్ వేశారు, ఏదో ఇంగ్లీషు పేరు పెట్టారు, పేరులో తాటిచెట్టు ఉంది, నేల మీద ఒక్కటీ లేదు. భోగాపురం విమానాశ్రయం మాట పుట్టినప్పటి నుంచీ మా వైపు సెంటు భూమి రేటు వింటే గుండె ఆగుతుంది. వేరుశనగ వేసే చేలు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొన్నవాళ్లెవరో ఎప్పుడూ కనపడరు, రాళ్లు మాత్రం పాతి ఉంటాయి.

చినతాత మనవడు ఊళ్లోనే ఉంటాడు, నాకు తమ్ముడి వరస. ఆ లేఅవుట్‌లోకి జేసీబీ వచ్చిందంటే చాలు నాకు ఫోన్ చేస్తాడు. వాళ్ల తాత మీద పడ్డ మాట పోవాలని వాడికీ ఉంటుంది కదా. కిందటి నెలలో ఎవరో ప్రహరీకి పునాది తీస్తుంటే, "అన్నియ్యా, గట్టు నుంచి మూడో సెట్టు కాడికొచ్చింది, బేగి రా" అన్నాడు. మధురవాడ నుంచి బండి మీద నలభై నిమిషాల్లో వెళ్లాను. ఇద్దరం ఎండలో తలకు తువ్వాళ్లు చుట్టుకుని మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. వాచ్‌మన్ రెండుసార్లు వచ్చి ప్లాటు కొంటారా అని అడిగి వెళ్లాడు. తాటి వేళ్లు బోలెడు వచ్చాయి, ఒక తుప్పు గొళ్లెం వచ్చింది.

సముద్రం వైపు నుంచి మూడో చెట్టు చోటికి జేసీబీ ఇంకా రాలేదు. ఆ ప్లాటు అమ్ముడుపోలేదట.